మేకుకి తగిలించిన బిళ్ళ

పోయినవారం శ్రీరంజనిని రావికమతం దాటాక ఒక సిమెంటు సందులో, రోజా వాళ్ళింటి ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. స్కూటీకి స్టాండు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. వానలో గెద్దలమెట్ట మీద రాళ్ళ మధ్య దూకుతూ దిగే మనిషి, రోడ్డుకీ వాకిలికీ మధ్యనున్న చిన్న కాలవ దాటడానికి ఇంతసేపు తీసుకుంటోంది.

సంగతేమిటో ఒకసారి చెప్పుకుంటే, ఈవారమే మనతో చేరినవాళ్ళకి కూడా తోవ దొరుకుతుంది.

శ్రీరంజని చోడవరంలో బ్యాంకు ఆఫీసరు. నలభై దాటాక సుగర్ వస్తుందేమోనన్న భయంతో నడక మొదలుపెట్టింది. నడక పరుగయింది, పరుగు కొండెక్కింది. ఊళ్ళో ఆవిడలాంటివాళ్ళు ఇంకొంతమంది ఉన్నారు: టీచర్లు, ఒక మందులషాపాయన, చుట్టుపక్కల రైతులు కొందరు. జనం వాళ్ళని ‘కొండ బ్యాచ్’ అంటారు, కాస్త వెటకారంగానే. ఏటా వానలు పట్టాక చీడికాడ అవతల గెద్దలమెట్ట ఎక్కి దిగే పందెం పెట్టుకుంటారు. రోడ్డు లేదు, బాణం గుర్తుల్లేవు. కొండ కొస ముట్టుకుని, ఎవరికి తోచిన దారిన వాళ్ళు దిగి రావడమే. ఆడవాళ్ళలో ముందు దిగేది ఎప్పుడూ శ్రీరంజనే. రోజా వచ్చేదాకా.

రోజా చెరకు రైతు కూతురు. కానిస్టేబుల్ రాతపరీక్ష ప్యాసై, ఈవెంట్స్‌లో పరుగు గట్టిగా ఉండాలని కొండ బ్యాచ్‌లో చేరింది. చేరిన కొత్తలో శ్రీరంజనే చెయ్యి పట్టుకుని దారులు చూపించింది. ఏడాది తిరిగేసరికి ఆ గుంట వెనక పరుగెత్తాల్సి వచ్చింది. ఈసారి పందెంలో కొండ మీదికి మబ్బు దిగింది, వాన పట్టింది. రోజా కాలు జారి లోతులోకి పడింది. పొద్దు వాలుతుంటే మేకలవాళ్ళు చూసి మోసుకొచ్చారు. అప్పటికి బ్యాచ్ అంతా పులిహోర తిని ఇళ్ళకి పోయింది. పోదూ మరి? బోర్డు మీద రోజా బిళ్ళ ఉందాయె.

ఈ బోర్డు గణపతిరావుగారిది. ఆయన గోవాడలో చెరకు యార్డులో పనిచేసి రిటైరయ్యారు. బళ్ళకి టోకెన్లిచ్చి, మళ్ళీ టోకెన్లు తీసుకుని పంపించడంలోనే జీవితం గడిచింది. ఆ పద్ధతినే కొండకి పట్టుకొచ్చారు. ఒక చెక్క, దానికి మేకులు, ఒక్కో మేకు కింద ఒక్కో పేరు, మేకుకి ఒక రేకు బిళ్ళ. పరుగుకి వెళ్ళేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు మెళ్ళో వేసుకోవాలి, దిగొచ్చాక తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కొండ మీదున్నట్టు. మేకులన్నీ నిండేదాకా పులిహోర గిన్నె మూత తియ్యడానికి వీల్లేదు. మొహాలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారు, బిళ్ళలుంటే చాలనుకున్నారు. అదే కొంప ముంచింది.

రోజా బిళ్ళని మేకుకి తగిలించింది శ్రీరంజని. ఆ సంగతి ఆవిడకి తెలుసు, మనకి తెలుసు. తప్పంతా తనదేనని కుమిలిపోతున్న గణపతిరావుగారికి తెలియదు.

ఆఖరికి కాలవ దాటింది. చేతిలో బత్తాయిల సంచీ. భుజాన హ్యాండ్‌బ్యాగు, దాని లోపలి అరలో మడతపెట్టిన ఎర్ర గుడ్డపేలిక. దారిలో శారదా నది వంతెన మీద స్కూటీ ఆపింది, దాన్ని నీళ్ళలో పడేద్దామని. చెయ్యి రాలేదు. పడెయ్యడానికి చెయ్యి రానిది, ఇవ్వడానికి ఎలా వస్తుందో ఆవిడకే తెలియదు.

"అక్కా! ఒచ్చేవా!"

మంచం మీంచి రోజా మొహం విప్పారింది. ఆ సంతోషం చూసేసరికి శ్రీరంజనికి వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. తిట్టే మొహం కోసం సిద్ధపడి వచ్చింది కానీ దీనికి కాదు. రోజా ఎడమకాలు రెండు తలగడల మీద ఉంది. మోకాలి కింద బయటికి ఇనప కడ్డీలు. మంచంకోడుకి నారింజరంగు విజిల్ వేలాడుతోంది. అది శ్రీరంజని కొనిచ్చిందే. మొదటిసారి కొండెక్కిన రోజున తనే మెళ్ళో వేసి, "భయపడకు, ఇది ఊదేవంటే నేనెక్కడున్నా వచ్చేస్తాను" అంది. అంత పెద్ద మాట అనవసరంగా ఎందుకన్నాను అని ఇప్పుడు తనని తాను తిట్టుకుంది.

రోజా తల్లి పైడితల్లి ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. చేలో చెరకు పడిపోకుండా ఆకులతో జడ చుట్టి అప్పుడే వచ్చినట్టుంది, మోచేతులదాకా ఆకు కోసిన గీతలు.

"కూకోండమ్మా. మా గుంట రోజూ మీ పేరే. అక్క ఒచ్చిందా, అక్క ఫోన్ సేసిందా అని. టీ ఎడతాను."

"వద్దండీ, ఇప్పుడే తాగేను."

"మా ఇంట్లో తాగలేదు గదా," అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"ఎలా ఉంది కాలు?" అని అడిగింది శ్రీరంజని. అడగడానికి అంతకంటే తెలివితక్కువ మాట దొరకలేదు.

"బాగానే అతుక్కుంటన్నాదంట. పరిగెట్టడం మాత్రం ఇప్పుడే అనుకోకు అన్నాడు డాట్రు." రోజా నవ్వబోయి మానేసింది. "ఈవెంట్స్ అయిపోనాయి అక్కా. మా ఫ్రెండు ఫోటో పెట్టింది, గ్రౌండులో నిలబడి. బాగా సేసిందంట. ఆ గుంట నాతోటి ఎప్పుడూ పరిగెట్టలేకపోయీది."

శ్రీరంజని బత్తాయిలు సంచీలోంచి తీసి, మళ్ళీ సంచీలో పెట్టింది.

"పోన్లే, మళ్ళీ నోటిఫికేషన్ పడతాది. అది కాదు గానీ అక్కా, ఒకటి సెప్పు. నేను పడిపోయింది ఎక్కడో తెలుసా? ఆ రేగుకంపల మలుపు లేదూ, నువ్వు నాకు సూపించిన దారే. అక్కడ అంచు జారిపోయింది. కింద డొంకలో పడ్డాను. కాలు ఇరిగిందని తెలిసిపోయింది. మబ్బులో పైనుంచి ఎవరికీ కనపడను గదా, అందుకని పాక్కుంటూ అంచుదాకా ఎక్కేను. నా తలకి కట్టుకున్న ఎర్రగుడ్డ ఇప్పి, దాంతోటి బిళ్ళని రేగుకొమ్మకి కట్టీసేను. ఎవరొచ్చినా సూస్తారు, కిందకి తొంగి సూస్తారు అని. కట్టీసేక పట్టు తప్పి మళ్ళీ కిందకి జారిపోయేను."

"ఊఁ," అంది శ్రీరంజని.

"గాలికి ఊడిపోయి దారిలో పడుంటాది. ఎవరో తెచ్చి ఇచ్చుంటారు. దొరికిన బిళ్ళ కిందకి తేవాలని రూలు గదా, ఆలదేటుంది తప్పు. ఇజిల్ కూడా ఊదేను అక్కా. ఎంతసేపు ఊదేనో. నీళ్ళు దూరిపోయి సౌండు రాలేదనుకుంటాను. వచ్చుంటే ఎవరో ఒకరు ఆగుదురు."

సౌండు వచ్చింది. శ్రీరంజనికి ఇప్పటికీ వస్తోంది. బ్యాంకులో కౌంటరు దగ్గర జనం గోలలో వస్తోంది, కుక్కరు కూత మధ్యలో వస్తోంది. వారం దాటినా, నెల దాటినా పోలేదు. ఆవేళ ఆ మలుపులో రేగుకొమ్మకి ఎర్రగుడ్డ చూసి ఆగింది. కింద మబ్బులోంచి విజిల్ వినిపించింది, ఆగి ఆగి, మూడుసార్లు. విజిల్ విన్నవాళ్ళు పరుగు ఆపాలి. అది కూడా రూలే. బ్యాచ్‌లో పిల్లకాయకి కూడా తెలిసిన రూలు. కానీ ఆ క్షణంలో ఆవిడకి తట్టిన మొదటి మాట, అయ్యో కాదు. ‘అయితే ఇప్పుడు ముందున్నది నేనే.’ ఆ మాట తన బుర్రలో పుట్టిందని ఎవరితోనూ చెప్పలేదు, మొగుడితో కూడా. కాలు మెలి తిరిగిందేమో, వెనక వస్తున్నవాళ్ళు చూస్తార్లే అనుకుంది. దొరికిన బిళ్ళ కిందకి తేవాలనుకుని కొమ్మకున్న బిళ్ళని విప్పింది. వెనకవాళ్ళు చూడ్డానికి అక్కడ ఇంకేమీ మిగల్చకుండా దిగిపోయింది.

కింద తన బిళ్ళ తగిలించి చప్పట్లు కొట్టించుకుంది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పితే, ఆ బిళ్ళ నీ దగ్గరికెలా వచ్చింది, చూసీ ఎందుకు ఆగలేదు అంటారు. వస్తుంది, కుంటుకుంటూ వచ్చేస్తుంది అనుకుంటూ దారికేసి చూస్తూ నిలబడింది. వాన జోరందుకుంది. గణపతిరావుగారు టార్పాలిన్ కట్టడానికి వంగినప్పుడు, ఆవిడ చెయ్యి వెళ్ళి రోజా బిళ్ళని మేకుకి తగిలించేసింది. కాసేపటికి ఆయన వెనక్కి తిరిగి, బోర్డు చూసి, "అందరూ వచ్చీసేరు, మూత తీయండర్రా!" అని కేకేశారు.

ఆ పులిహోర శ్రీరంజని కూడా తింది.

"అక్కా, ఏటలా అయిపోనావు? ఒంట్లో బాగులేదా?" అంది రోజా.

"రోజా, నేను నీకో విషయం..."

సందులో షేర్ ఆటో ఆగిన చప్పుడైంది. ఎవరో దిగి, "ఇదేనా బాబూ ఇల్లు?" అని అడుగుతున్నారు. ఆ గొంతు శ్రీరంజని గుర్తుపట్టింది.

గణపతిరావుగారు చెప్పులు వాకిట్లో విడిచి, గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చారు. నెల్లాళ్ళకే మనిషి సగమైపోయారు. చేతిలో స్టీలు క్యారేజీ, మెళ్ళో ప్లాస్టిక్ కవరులో ఒక కార్డు. దాని మీద పేరు, ఇల్లు, ఫోన్ నెంబరు పెద్దక్షరాల్లో ఉన్నాయి. శ్రీరంజని చూపు దానిమీద పడింది, ఆయన గమనించారు.

"మా అబ్బాయి హరిబాబు కట్టేడమ్మా. నాకు మతిమరుపు వస్తోందని వాడి భయం. విశాఖ తీసుకెళ్ళి స్కానింగ్ చేయించేడు, మాత్రలు రాసేరు. స్కూటర్ తాళం కూడా తీసేసుకున్నాడు. ఇవాళ వాడు డ్యూటీకి వెళ్ళేక ఇలా వచ్చేసేను." చిన్నపిల్లాడు తప్పు చేసినట్టు చెప్పారు. తర్వాత రోజా మంచం దగ్గరికి వెళ్ళి క్యారేజీ కింద పెట్టారు. "పులిహోర తెచ్చేను తల్లీ. ఆవేళ నీ వాటా నీకు అందలేదు. నువ్వు డొంకలో ఉంటే, మూత తీయమన్నది నేను."

"తాతా, అలాగ అనకు," అంది రోజా.

"అననీ అమ్మా. నీ బిళ్ళ ఎవరో నా చేతికి ఇచ్చే ఉంటారు. దొరికిందండీ అని చెప్పే ఉంటారు. నేను వినిపించుకోకుండా తగిలించేసుంటాను. యార్డులో ఉన్నన్నాళ్ళూ ఒక్క బండి తప్పిపోలేదు నా దగ్గర. ఇప్పుడెంత గింజుకున్నా ఆ బిళ్ళ చేత్తో పట్టుకున్నట్టు గుర్తు రావట్లేదు. గుర్తు రాకపోవడమే జబ్బంట. డాక్టరు అదే అన్నాడు." ఆయన రెండు చేతులూ జోడించారు. "నీ ఉద్యోగం పోగొట్టేను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు."

ముసలాయన ఇరవై మూడేళ్ళ పిల్ల ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. రోజా ఆ చేతులు పట్టుకోబోతే కాలు లాగి, "అమ్మా" అంది. శ్రీరంజని లేచి నిలబడింది. ఇంక కూర్చోవడం చేతకాలేదు.

"గణపతిరావుగారూ, ఆ బిళ్ళ మీరు తగిలించలేదు. నేను తగిలించేను."

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట! నెల్లాళ్ళు తిండి సహించనివ్వనిది, నాలుగు ముక్కల్లో అయిపోయింది.

గణపతిరావుగారు ఆవిడకేసి చూశారు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. మెల్లిగా తల ఊపారు. "చూసేవా రోజా? రంజని మనసు అలాంటిది. పెద్దాణ్ణి, బాధపడిపోతున్నానని నా తప్పు తన నెత్తినేసుకుంటోంది. వద్దు తల్లీ. జాలికి అబద్ధం ఆడకు."

"అక్క అంతే తాతా," అంది రోజా, కళ్ళు తుడుచుకుంటూ.

చూశారా ఎలా వచ్చిందో? నిజం చెప్పినా ఆవిడ మంచితనం కిందే జమ పడిపోయింది. ఇక్కడితో ఆగిపోవచ్చు. చెప్పానుగా, వాళ్ళే నమ్మలేదు అని రేపట్నుంచి నిద్రపోవచ్చు. శ్రీరంజనికి ఆ దారి స్పష్టంగా కనబడింది. కొండ మీద ఎప్పుడూ దగ్గరిదారి ఇట్టే కనిపెడుతుందని బ్యాచ్‌లో ఆవిడకి పేరు. మనిషికి ఆశ ఎంత చెడ్డదంటే, ఒక్క క్షణం ఆ దారిన అడుగు వెయ్యబోయింది కూడా.

ఆయన మెళ్ళో కార్డు ఫ్యాను గాలికి తిరుగుతోంది. అది చూసి హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది. లోపలి అరలోంచి ఎర్ర గుడ్డపేలిక తీసి, రోజా మంచం మీద దుప్పటిపై పెట్టింది.

గడపలో టీ గ్లాసులతో నిలబడ్డ పైడితల్లే ముందు గుర్తుపట్టింది.

"ఇది నా సీరే గదా. ఏలూరు పిన్నమ్మ పెట్టిన సీర. ఇది సింపే గదా నీకు తలగుడ్డ ఇచ్చేను?" అంది కూతురితో. తర్వాత శ్రీరంజనికేసి తిరిగింది. "ఇది మీ కాడెందుకున్నాదమ్మా?"

"బిళ్ళతోపాటు తెచ్చేను. ఆవేళ." శ్రీరంజని ముసలాయన వైపు తిరిగింది. "వాన పడుతున్నప్పుడు, మీరు టార్పాలిన్ కట్టడానికి వంగేరు గణపతిరావుగారూ. అప్పుడు తగిలించేను. మీ చేతికి ఎవరూ ఇవ్వలేదు. మీకు గుర్తు రాకపోవడం జబ్బు కాదు. జరగనిది ఎలా గుర్తొస్తుంది?"

గణపతిరావుగారు కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు తన అరచేతులకేసి చూసుకున్నారు.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట," అన్నారు చివరికి.

ఆ మాట ఎవరితోనూ అనలేదు. గొంతులో ఏడుపు ఉందో నవ్వు ఉందో తెలియలేదు. మెళ్ళో కార్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తిడతారని శ్రీరంజని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన తిట్టలేదు. "మా హరిబాబుకి ఫోన్ చేసి ఒక్కసారి ఈ మాట నువ్వే చెప్పమ్మా. నేను చెబితే నమ్మడు," అన్నారు అంతే.

"చెప్తాను. ఆదివారం అందరి ముందూ చెప్తాను. బోర్డు దగ్గరే చెప్తాను." తర్వాత ఆవిడ రోజా వైపు తిరిగింది. ఇక్కడే మళ్ళీ కాలు జారింది. "రోజా, బిళ్ళ దారిలో కనబడింది. నువ్వు ముందే దిగిపోయేవనుకున్నాను. నిజంగా నాకు తెలీదు నువ్వు కింద..."

రోజా ఆ గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఒక కొసన ముడతలు పడి, పీచు లేచి ఉంది. ఉతికినా పోలేదు. వేలితో అక్కడ రాస్తూ ఉండిపోయింది.

"దారిలో పడలేదు ఇది," అంది కాసేపటికి. "గాలికీ ఊడలేదు. నేను బలమంతా పెట్టి ముడేసేను. వానకి తడిసి బిగిసిపోయుంటాది. తడిముడి బేగి రాదు గదా. గోళ్ళతో పీకాలి, పళ్ళతో లాగాలి. అక్కడ నిలబడాలి." తలెత్తింది. "సేనాసేపు నిలబడాలి."

పైడితల్లి టీ గ్లాసులు గూట్లో పెట్టేసింది. ఎవరికీ ఇవ్వలేదు.

రోజా మంచంకోడుకి వేలాడుతున్న విజిల్ అందుకుంది. నోట్లో పెట్టుకుని ఊదింది. గట్టిగా కాదు. మూడుసార్లు, ఆగి ఆగి. ఆ చిన్న గదిలో అదే చాలా పెద్దగా వినబడింది. గణపతిరావుగారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. విజిల్ వింటే లేవడం ఆయనకి అలవాటు. శ్రీరంజని మాత్రం కదల్లేదు.

"నేనూ అక్కడే ఉన్నాను, నీ కాళ్ళ కింద," అని, రోజా ఒక్క క్షణం ఆగింది. ఆవిడ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ నోరారా పిలిచిన పిలుపు ఇంక రాలేదు.

"మీరు ముడి ఇప్పుతన్నంతసేపూ ఊదుతానే ఉన్నాను. ఇన్నారా, మేడమ్?"